సేంద్రియ లాన్: ఎరువు బస్తా మారిస్తే సరిపోదు

హైదరాబాద్ శివారు విల్లాల్లోనూ, విజయవాడ, విశాఖ ఇళ్ల ముందూ సేంద్రియ లాన్ మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. పిల్లలు పాకే చోట, కుక్కపిల్ల దొర్లే చోట యూరియా, గడ్డిమందు ఎందుకన్న ఆలోచన మంచిదే. కానీ చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. యూరియా మానేసి, ఒక బస్తా వర్మీకంపోస్ట్ తెచ్చి చల్లుతారు. రెండు నెలలు చూస్తారు. గడ్డి పాలిపోతుంది, మధ్యమధ్యలో తుంగ లేస్తుంది. "ఇది పొలాలకి పనికొస్తుందేమో గానీ లాన్‌కి కాదు" అని తేల్చేసి మళ్లీ యూరియా దగ్గరికే వెళ్తారు.

చిక్కు ఎక్కడుందంటే, లాన్ ఆరోగ్యాన్ని మనం ఎరువు సంగతిగా మాత్రమే చూస్తున్నాం. యూరియా వాడేటప్పుడు అలా చూసినా బండి నడిచిపోతుంది, ఎందుకంటే నేల ఎలా ఉన్నా అది రోజుల్లోనే వేరుకి అందుతుంది. సేంద్రియ ఎరువుకి ఆ వెసులుబాటు లేదు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని తిని అరిగించుకుంటేనే అందులోని నత్రజని గడ్డికి దక్కుతుంది. వాటికి గాలి కావాలి, తడి కావాలి, వెచ్చదనం కావాలి. కాబట్టి నీళ్లు పెట్టే తీరు, గడ్డి కోసే ఎత్తు, నేల గట్టిదనం, నీడ ఇవన్నీ కుదిరితేనే ఆ వర్మీకంపోస్ట్ పనిచేస్తుంది. ఇవి కుదరకపోతే బస్తాలకి బస్తాలు పోసినా డబ్బు దండగ.

ముందు నత్రజని లెక్క

120 గజాల లాన్ అనుకుందాం, అంటే సుమారు 100 చదరపు మీటర్లు. గరిక జాతి గడ్డి అక్కడ ఒత్తుగా, పచ్చగా ఉండాలంటే ఏడాదికి 1 నుంచి 2 కిలోల నత్రజని కావాలి. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి రెండు నుంచి నాలుగు కిలోల యూరియాతో ఆ అవసరం తీరిపోతుంది. వర్మీకంపోస్ట్‌లో ఉండేది ఒకటిన్నర శాతం దగ్గర. 50 కిలోల బస్తా మొత్తం చల్లినా ముప్పావు కిలో నత్రజనే, అందులోనూ మొదటి ఏడాది గడ్డికి అందేది కొంత భాగమే, మిగతాది నేలలో నిదానంగా కరుగుతూ పోతుంది. ఒక్క బస్తాతో లాన్ పచ్చబడలేదంటే ఆశ్చర్యం ఏముంది?

వేపపిండి దీనికంటే చిక్కని ఎరువు. నత్రజని 4 నుంచి 5 శాతం ఉంటుంది, పది కిలోలు చల్లితే దాదాపు అర కిలో అందుతుంది. పైగా వేపపిండి ఉన్న నేలలో నత్రజని నీళ్లతో కొట్టుకుపోయే రూపంలోకి మారడం నెమ్మదిస్తుంది. మన కేంద్ర ప్రభుత్వం యూరియాకి వేపనూనె పూత తప్పనిసరి చేయడం వెనక ఉన్న కారణాల్లో అదొకటి.

ఇక జీవామృతం. ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ పద్ధతి ఊరూరా చేరాక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని ప్రోత్సహించాక, జీవామృతం మేడ మీద తోటల్లోకీ లాన్లలోకీ వచ్చేసింది. దాని మీద నాకు గౌరవం ఉంది. అయితే దాన్ని ఎరువనుకుని ఎరువులన్నీ మానేసే వాళ్లని చూస్తే మాత్రం బాధేస్తుంది. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపిన ఆ డ్రమ్ము మొత్తంలో నత్రజని పావు కిలోకి మించదు. అది ఎకరానికి చెప్పిన మోతాదు. మన 120 గజాలకి అందులోంచి వచ్చేది ఐదు లీటర్లు, నత్రజని ఆరేడు గ్రాములు! పాలేకర్ కూడా దాన్ని పోషకంగా చెప్పలేదు, సూక్ష్మజీవుల్ని పెంచే తోడుగానే చెప్పారు. పెరుగు తోడు వేయడానికి చెంచా చాలు, కానీ గిన్నెలో పాలు ఉండాలి కదా. నేలలో కంపోస్ట్ లేకుండా జీవామృతం ఎంత పోసినా తోడుకోవడానికి ఏమీ ఉండదు.

లెక్కలో అందరూ మర్చిపోయేది కోసిన గడ్డి. ఆదివారం పొద్దున ఏ కాలనీలోనైనా చూడండి. మాలి మోవర్ తిప్పుతాడు, వెనకే చీపురుతో ముక్కలన్నీ ఊడ్చి గోనెసంచిలో కూరతాడు, సంచి గేటు బయట చెత్తబండికి వెళ్తుంది. వారం తిరక్కుండానే ఇంటివాళ్లు నర్సరీ నుంచి ఎరువు బస్తా తెప్పిస్తారు. ఆ ముక్కల ఎండు బరువులో 3, 4 శాతం నత్రజనే. వాటిని ఉన్నచోటే వదిలేస్తే ఏడాది అవసరంలో పావు వంతు దాకా పైసా ఖర్చు లేకుండా నేలకి తిరిగొస్తుంది. ముక్కలు పేరుకుపోయి అడుగున పీచులాంటి పొర కడుతుందని చాలామంది భయపడతారు. ఆ పొర నిజంగానే సమస్య, అర అంగుళం దాటితే నీళ్లు కిందికి దిగనివ్వదు. కానీ అది కట్టేది పాకే కాండాలు, వేళ్లతో. అవి గట్టి పీచు, చివకడానికి చాలాకాలం పడుతుంది. ఆకు ముక్కలో ఎక్కువ భాగం నీళ్లే, మన వేడికి రెండు మూడు వారాల్లో కనిపించకుండా పోతుంది. నిజానికి ఆ పీచు పొరని పెంచేది మితిమీరిన యూరియా, ఎందుకంటే సూక్ష్మజీవులు అరిగించే వేగం కంటే ముందే కాండాలు పెరిగిపోతాయి.

మొత్తం మీద 120 గజాలకి ఏడాదికి రెండు బస్తాల వర్మీకంపోస్ట్ లేదా అంతకి రెట్టింపు బాగా మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, కోసిన గడ్డి అంతా అక్కడే. ఇంత ఉంటే లెక్క సరిపోతుంది. అయితే ఒకేసారి వేయకూడదు. చల్లని దేశాల్లో నేలకిచ్చిన సేంద్రియ పదార్థం ఏళ్ల తరబడి నిలుస్తుంది. మన ఎండల్లో అది త్వరగా కరిగిపోతుంది. అందుకే కొద్దికొద్దిగా మూడు నాలుగు దఫాల్లో, గడ్డి పెరిగే కాలంలోనే వేయాలి. తొలకరి తర్వాత ఒకటి, ఆగస్టులో ఒకటి, అక్టోబరు మొదట్లో ఒకటి, ఫిబ్రవరి చివర ఒకటి. చల్లాక పుల్లల చీపురుతో గడ్డి సందుల్లోకి దిగేలా తోసి నీళ్లు పెట్టాలి. పైన పొరలా ఉండిపోతే ఎండకి ఎండిపోవడమే తప్ప ఒరిగేది లేదు.

మనది కాని సలహా

లాన్ గురించి ఇంటర్నెట్‌లో దొరికే సమాచారంలో ఎక్కువ భాగం అమెరికా ఉత్తర రాష్ట్రాలది, ఇంగ్లండ్‌ది. అక్కడి ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్, రైగ్రాస్ చలికి పుట్టిన గడ్డి రకాలు. వసంతంలోనూ శరత్తులోనూ జోరుగా పెరుగుతాయి, నడి వేసవిలో నీరసపడతాయి. మన గరిక, నర్సరీల్లో మెక్సికన్ అనీ కొరియన్ అనీ అమ్మే మెత్తటి గడ్డి దీనికి పూర్తిగా ఎదురు. వేడి ఉంటేనే పెరుగుతాయి, రాత్రిళ్లు చలి ముదిరితే ఆగిపోతాయి. డిసెంబరు, జనవరిలో తెలంగాణలో లాన్ రంగు తగ్గితే అది రోగం కాదు. చాలామంది అప్పుడే కంగారుపడి ఎరువు గుమ్మరిస్తారు. నేల చల్లబడ్డప్పుడు సూక్ష్మజీవులూ మందగిస్తాయి, గడ్డీ తీసుకోదు. అది ఎటూ కాకుండా పోతుంది.

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకి ఆ సలహాలు సరిగ్గా సరిపోతాయి, వాళ్లు సెప్టెంబరులో విత్తనం చల్లుకోవాల్సిందే. డాలస్‌లో ఇల్లు కొన్నవాళ్ల లాన్ మాత్రం చాలావరకు మన గరిక చుట్టమే. వాళ్లు ఉత్తర రాష్ట్రాల వీడియోల కంటే నాన్నగారు ఫోన్లో చెప్పే మాట వింటేనే మేలు.

ఇందులో నిజంగా హాని చేసే సలహా సున్నం. వానలెక్కువై నేల పులిసిన ప్రాంతాల్లో లాన్‌కి సున్నం చల్లుతారు. మన నల్లరేగడి అసలే క్షారగుణం ఉన్న నేల, ఉదజని సూచిక (pH) చాలాచోట్ల 8 దాటి ఉంటుంది. దానికి సున్నం తోడైతే ఉన్న ఇనుము కూడా గడ్డికి అందకుండా బిగుసుకుపోతుంది. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనబడితే అది ఇనుము లోపం. దాన్ని నత్రజని లోపం అనుకుని ఎరువు పెంచితే పసుపు పోదు. నత్రజని తక్కువైతే ముందు ముదురాకు పాలిపోతుంది, ఇనుము తక్కువైతే లేతాకు. మోకాళ్ల మీద కూర్చుని ఒక పిలకని తుంపి చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది. ఖర్చు పెట్టేముందు ఒకసారి మట్టి పరీక్ష చేయించండి. వ్యవసాయ శాఖ ల్యాబుల్లోనూ కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ చేస్తారు.

పలకల కింద ఏముంది

లాన్ కష్టాల్లో సగం మొదటి రోజే లారీలో దిగుతాయి. గడ్డి పలకలు కడియం నుంచి వచ్చినా, ఊరి చివర నర్సరీ నుంచి వచ్చినా, పరిచే ముందు ఒక పలకని తిరగేసి చూడండి. అడుగున వేళ్లకి అంటుకుని వచ్చిన మట్టిని వేళ్లతో చిదమండి. జిగురు బంకమట్టి అయి, మీ ఇంటి నేల ఎర్ర ఇసుక నేల అయితే రెండింటి మధ్య గీత గీసినట్టు నీళ్లు ఆగిపోతాయి, వేరు పై పొరలోనే తిరుగుతుంది. పరిచే ముందే నేలని ఆరంగుళాల లోతు తవ్వి కంపోస్ట్ కలిపి, పలకలు పరిచాక అదే మిశ్రమాన్ని సందుల్లో నింపితే వేరు కిందికి దారి చూసుకుంటుంది.

ఆ మట్టిలోనే నల్లగా, శనగగింజ అంత గట్టి దుంపలు తగిలితే అవి తుంగముస్తలు. నలిపితే ఆయుర్వేదం కొట్లో వచ్చే వాసన వస్తుంది. ఆ పలకని వెనక్కి పంపేయండి. మొహమాటపడితే తర్వాత ఏళ్ల తరబడి పీకుతూనే ఉండాలి.

ఉన్న లాన్‌లో నేల గట్టిపడిపోయి ఉంటే ఎంత ఎరువు వేసినా దండగే, ఎందుకంటే గాలి ఆడదు. పొడవైన స్క్రూడ్రైవర్ తీసుకుని తడి నేలలో గుచ్చండి. నాలుగంగుళాలు సులువుగా దిగాలి. దిగకపోతే వానాకాలం మొదట్లో పళ్ల పారతో జానెడు దూరానికోసారి గుచ్చి, కొద్దిగా వెనక్కి వంచి తీసి, ఆ బెజ్జాల్లోకి జల్లించిన కంపోస్ట్ దిగేలా ఊడ్చాలి. నల్లరేగడి మీద ఇసుక పోయమని కొందరు చెబుతారు. కొద్దిపాటి ఇసుక బంకమట్టితో కలిస్తే నేల ఇంకా గట్టిపడుతుంది, అక్కడ కంపోస్టే మేలు.

కోత, తడి

మోవర్ బ్లేడ్ ఎంత కిందికి దించితే అంత నీట్‌గా ఉంటుందని మాలీలు అనుకుంటారు, చాలామంది యజమానులూ అదే అడుగుతారు. ఒక్కసారిలో ఆకు ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. గరికని నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో ఉంచాలంటే ఆరు సెంటీమీటర్లకి ఎదిగేలోపే కోయాలి. వానాకాలంలో అది వారానికో, పది రోజులకో వస్తుంది. బోడిగా గొరిగేస్తే గడ్డి వేరులో దాచుకున్న శక్తినంతా కొత్త ఆకుకి ఖర్చు పెడుతుంది, వేరు చిక్కిపోతుంది, ఎండ నేలని తాకి కలుపు గింజలన్నీ లేస్తాయి. మొద్దు బ్లేడ్ ఆకుని కోయదు, చింపుతుంది. కోసిన మర్నాడు లాన్ పైన తెల్లటి ఛాయ కనబడితే బ్లేడ్ సానపట్టించాల్సిన టైమ్ వచ్చినట్టే.

నీళ్ల దగ్గర అలవాటు మార్చుకోవడం అన్నిటికంటే కష్టం. సాయంత్రం పైపు పట్టుకుని పది నిమిషాలు చల్లడం మనసుకి హాయిగానే ఉంటుంది, కానీ ఆ తడి అంగుళం లోతు కూడా దిగదు. వేరు పైకే వస్తుంది, రాత్రంతా ఆకు తడిగా ఉండి బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. గుండ్రంగా మాడిన మచ్చలు వచ్చిన లాన్లలో చాలావాటికి మందు కంటే ముందు మార్చాల్సింది ఈ సాయంత్రపు తడి. తెల్లవారుజామున, వారానికి రెండుసార్లు, దండిగా పెట్టాలి. స్ప్రింక్లర్ కింద నాలుగు ఖాళీ డబ్బాలు పెట్టి ఎంత లోతు నీళ్లు చేరాయో స్కేలుతో కొలిస్తే ఎంతసేపు తిప్పాలో తేలిపోతుంది. మామూలు రోజుల్లో వారానికి 25 మిల్లీమీటర్లు, ఏప్రిల్, మే నెలల్లో 35, 40 దాకా.

40 మిల్లీమీటర్లంటే 120 గజాలకి వారానికి 4,000 లీటర్లు, దాదాపు ఒక ట్యాంకర్. వీధిలో తాగునీటికి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే వేసవిలో లాన్‌కి ఇంత పోయడం నాకు సబబుగా అనిపించదు. గరికకి ఎండల్లో పైభాగం ఎండినా కాండం, వేరు బతికే ఉంటాయి. మూడు వారాలకోసారి ఒక్క తడి ఇచ్చి వదిలేస్తే తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. మెక్సికన్ రకాలకి అంత ఓర్పు లేదు. అందుకే ఎక్కువ స్థలం ఉన్నవాళ్లు పిల్లలు ఆడుకునే మేరకే లాన్ ఉంచి మిగతాది మొక్కలకి వదిలేయడం మంచిది. చెట్టు నీడలో అయితే అసలు పట్టు పట్టకూడదు. గరికకి రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మామిడి చెట్టు కింద పలచబడ్డ గడ్డికి ఏ ఎరువూ ఎండని తెచ్చివ్వలేదు.

కలుపు, పురుగు

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో హడ్సన్ అనే చిన్న పట్టణం 1991లో ఒక కట్టుబాటు చేసింది. కేవలం అందం కోసం లాన్ల మీద కలుపుమందులు, పురుగుమందులు చల్లకూడదని. జూన్ ఇర్విన్ అనే చర్మవైద్యురాలు పట్టణ సభలకి వెళ్లి ఏళ్ల తరబడి అడగడం వల్ల వచ్చిన నిబంధన అది. లాన్ కంపెనీలు కోర్టుకెక్కాయి, 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు పట్టణం పక్షానే తీర్పిచ్చింది. 2009 నాటికి ఒంటారియో రాష్ట్రమంతా అలాంటి నిషేధం వచ్చింది. టొరంటో చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ల లాన్లన్నీ ఇప్పుడు ఆ చట్టం కిందే పెరుగుతున్నాయి. అక్కడి లాన్లలో కొన్ని పసుపు పూల కలుపు మొక్కలు కనబడతాయి, దాంతో కొంపలేమీ మునిగిపోలేదు. ఒకప్పుడు ఆ దేశాల్లో క్లోవర్ విత్తనాన్ని లాన్ గడ్డితో కలిపే అమ్మేవారు, అది గాలిలోని నత్రజనిని నేలకి చేరుస్తుంది కాబట్టి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన 2,4-డి అనే కలుపుమందు వెడల్పాకు మొక్కలన్నిటితో పాటు క్లోవర్‌నీ చంపేది. మందుకి అనుగుణంగా క్లోవర్‌ని కలుపు జాబితాలో వేసేశారు.

మన లాన్లలోనూ నేలకి అంటుకుని పాకే, చిన్న మూడాకుల తీగ ఒకటి తనంతట తానే వస్తుంది, ఊదారంగు బుల్లి పూలు పూస్తుంది. అది చిక్కుడు కుటుంబం మొక్కే, వేరు బొడిపెల్లో నత్రజని పట్టి ఉంచుతుంది. మాలీ దాన్ని పీకబోతే నేను ఆపమనే అంటాను.

తుంగ సంగతి వేరు, దాన్ని ఉపేక్షించకూడదు. పైన ఆకు పీకితే దుంప కింద అలాగే ఉంటుంది. కానీ ఆ దుంపకీ నిల్వ ఉన్న శక్తి అపారం కాదు. మొలిచిన ప్రతిసారీ రెండు మూడు వారాల్లోపు, కొత్త దుంపలు కట్టకముందే, తడి నేలలో సన్నని గునపంతో దుంపతో సహా పెకిలించాలి. ఒక వానాకాలమంతా వదలకుండా చేస్తే తేడా కనబడుతుంది, మధ్యలో నెల మానేస్తే మొదటికొస్తుంది. వీడియోల్లో చూపించే ఉప్పునీళ్ల చిట్కా జోలికి వెళ్లకండి. ఉప్పు తుంగ ఆకుని మాడ్చినా నేలని పాడుచేస్తుంది, అసలే ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు వాడే చోట అది కోలుకోలేని దెబ్బ. వయ్యారిభామ లాంటివి మాత్రం ఎక్కువగా మాగని పశువుల ఎరువుతో వస్తాయి. ఎరువు చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, వేడి తగలకూడదు, పొడిపొడిగా రాలాలి.

పచ్చి ఎరువుతో వచ్చే ఇంకో తలనొప్పి వేరు పురుగు. తొలకరి వానలకి గోధుమరంగు పెంకు పురుగులు సాయంత్రం నేలలోంచి లేచి వేప, మునగ చెట్ల మీద వాలతాయి, తర్వాత నేలలో గుడ్లు పెడతాయి. ఆగస్టు, సెప్టెంబరుకల్లా పిల్ల పురుగులు వేళ్లని కొరికేస్తాయి. నీళ్లు పెడుతున్నా గడ్డి వాడుతున్న చోట రెండు చేతులా పట్టి లాగండి. చాపలా లేచి వస్తే కింద తెల్లగా, ఇంగ్లీషు సి అక్షరం ఆకారంలో ముడుచుకుని, గోధుమరంగు తలతో పురుగులు కనబడతాయి. అడుగు చదరంలో ఐదారు మించి ఉంటే మెటారైజియం అనే శిలీంధ్రపు పొడిని మాగిన ఎరువులో కలిపి, సాయంత్రం తడి నేలలో వేయాలి. ఎండలో వేస్తే అది చచ్చిపోతుంది. రెండు మూడు కంటే ఎక్కువ లేకపోతే ఏమీ చేయనక్కర్లేదు, గోరింకలు చూసుకుంటాయి. అవి లాన్‌లో తవ్వుతున్నాయని తరిమేసేవాళ్లున్నారు, దయచేసి తరమకండి.

యూరియా నుంచి మారేవాళ్లు ఒక్క రోజులో అంతా ఆపేయకుండా జూన్‌లో, వానలతో మొదలుపెట్టాలి. అప్పుడు నేల వెచ్చగా, తడిగా ఉండి సూక్ష్మజీవులు పుంజుకుంటాయి. మొదటి ఏడాది గడ్డి రంగు మునుపటి కంటే ఒక పాలు తక్కువే ఉంటుంది, పెరుగుదలా నెమ్మదిగానే ఉంటుంది, కోత భారం తగ్గుతుంది. అక్టోబరు దఫా తర్వాత చలి పోయేదాకా ఎరువు ముట్టుకోవద్దు, రంగు ఎంత తగ్గినా సరే. ఫిబ్రవరి చివర రాత్రిళ్లు వెచ్చబడి కొత్త పిలకలు కనబడగానే వేపపిండీ కంపోస్టూ కలిపి ఒక దఫా వేయండి, ఆ వారం కోసిన గడ్డి ఊడ్చొద్దని మాలికి ముందే చెప్పి పెట్టండి.